ఊరుమ్మడి ధాన్యపు కొట్టు



కాలము నిలుకడగా నున్నంతవరకు ఇంటిలోని బియ్యపు డబ్బాను గూర్చి ఎవ్వరును ఆలోచింపరు. నెల మొదట అది నిండును, నెల చివర తగ్గును, మరల నిండును. దాని లెక్క ఇల్లాలికి తప్ప వేరొకరికి తెలియదు. కాని వానలు తప్పినప్పుడు, ఏరు పొంగినప్పుడు, వ్యాధి ప్రబలి పనులు నిలిచిపోయినప్పుడు, ధరలు వారమునకొక తీరుగా మారుచున్నప్పుడు, ఆ డబ్బా అడుగు కనబడు గృహములు ప్రతి పల్లెయందును, ప్రతి పేటయందును కొన్ని యుండును. ఆ గృహములవారు ఆ సంగతి పొరుగువారితో చెప్పుకొనరు. చెప్పుకొనని ఈ ఆకలిని ఊరివారందరు కలిసి ఎట్లు ఎదుర్కొనవచ్చును, అందులకై ఒక ఉమ్మడి ధాన్యపు కొట్టు పెట్టుకొని దానినెట్లు నడుపుకొనవచ్చును అనునది నేటి నా ప్రసంగ విషయము. ఇందులో నేనెరిగినది కొంత గ్రంథములవలన తెలిసినది. కొంత విజయవాడలో మా పేటవారము కలిసి నడుపుచున్న చిన్న కొట్టువలన తెలిసినది. అయితే ఈ పనిలోని మర్మము నాకు బోధపరచినవారు జహీరాబాదు ప్రాంతపు పల్లెలలోని దళిత స్త్రీలు. వారి మాట తరువాత చెప్పెదను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటలో మన నేలమీద పూర్వము నడచిన రెండు త్రోవలను మొదట చూడవలసియున్నది.

1876వ సంవత్సరమున ఋతుపవనములు విఫలమై, మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనుచు వచ్చిన మహాక్షామము బళ్ళారి, కర్నూలు, కడప మండలములను పట్టుకొన్నది. 1877 జనవరి మొదటి తేదీన ఢిల్లీలో లిట్టన్ ప్రభువు మహాదర్బారు తీర్చి, విక్టోరియా రాణిని భారతదేశ చక్రవర్తినిగా చాటించుచున్న దినములలోనే, ఇచ్చట జనము కరువుపనులు వెదకికొనుచు పిల్లలను చంకలనెత్తుకొని దారులవెంట నడచుచుండిరి. ఆ నెలలోనే భారత ప్రభుత్వ ప్రతినిధిగా మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువుపనులపై వ్యయము మితిమీరినదని తలచి, పగలంతయు రాళ్ళు కొట్టి మట్టి మోసిన పురుషునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొద్దిపాటి పైకమును కూలిగా చాలునని నిర్ణయించెను. పౌను అనగా నేటి కొలతలో అర కిలోకైనను చాలదు. ఆ కూలితో మనిషి ఒడలు నిలువదని మద్రాసు ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ పట్టుదలతో వాదించెను. కొన్ని నెలలకు కూలి కొంత పెరిగినది గాని, ఆలోపల పోయినవారు పోయిరి.

ఆ కాలపు కాగితములను చదివినప్పుడు నన్ను కలచివేయునది ప్రభువుల క్రూరత్వము మాత్రమే కాదు, వారి భయము. అక్కరలేనివాడెవ్వడో వచ్చి తినిపోవునేమో యనునదే వారి భయము. అందుచేత పని ఒక పరీక్ష, దూరము ఒక పరీక్ష, ఇల్లు విడిచి శిబిరములో నుండుట మఱియొక పరీక్ష. ఎవ్వడు నిజముగా ఆకలిగొన్నవాడో తేల్చుటకు వారు ఆకలినే సాధనముగా చేసికొనిరి. ఈ భయము తెల్లదొరలతోడనే పోయినదని అనుకొనరాదు. ఏ వీధిలో నలుగురు చేరి నాలుగు బస్తాల బియ్యము ప్రోగుచేసినను, ఆ నలుగురిలో నొకడైనను, వచ్చువారందరు నిజమైన పేదలేనా, కార్డు చూడనక్కరలేదా, వేలిముద్ర వేయించుకొనవలదా యని అడుగక మానడు. అడుగువాడు దుర్మార్గుడు కాడు. దాత యిచ్చిన ధాన్యమునకు జవాబుదారి వహించినవాడు. కాని ఆ ప్రశ్నకు లోబడిన కొట్టు క్రమక్రమముగా కచేరీగా మారిపోవును.

దీనికి నేరుగా ఎదురైన త్రోవను, ఇంచుమించు ఆ కాలముననే, గోదావరి లంకలలో ఒక ఇల్లాలు నడచిరి. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరపు డొక్కా జోగన్నగారింట మెట్టిన సీతమ్మగారి పేరు ఎరుగని తెలుగువారు అరుదు. ఆమె తండ్రిగారిని ఊరివారు బువ్వన్న యని పిలుచుచుండిరట. అడిగినవారికెల్ల అన్నము పెట్టుట ఆయనకంతటి అలవాటు. గన్నవరము వైనతేయ గోదావరి యొడ్డున, రేవు దాటువారి త్రోవలో నున్న గ్రామము. పడవ దిగిన బాటసారియు, లంకలో వరదకు చిక్కి వచ్చిన కాపును, తీర్థమునకు పోవు ముదుసలియు ఏ వేళకు వచ్చినను ఆ యింట విస్తరి పడెడిది. కులమడుగుట లేదు, ఊరడుగుట లేదు, వేళ మించినదనుట లేదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆమెకు ఆహ్వానము వచ్చెననియు, తాను పోయినచో ఇచ్చటికి వచ్చినవారికి వండి వడ్డించువారెవ్వరని ఆమె గడప దాటలేదనియు నేటికిని చెప్పుకొందురు. 1909లో ఆమె పరమపదించిరి. గన్నవరము దగ్గర గోదావరి పాయను దాటించు కాలువవంతెనకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే పెట్టినది.

ఆ తల్లికి నేను చేతులెత్తి మ్రొక్కుదును. అయినను, ఒక కొట్టును నడుపువాడుగా ఆలోచించినప్పుడు, నాకు వేరొక సంగతి తోచును. ఆ యన్నపు రాశి యంతయు ఒక్క కుటుంబపు పొలము మీదను, ఒక్క స్త్రీ యొక్క ఒడలి కష్టము మీదను నిలిచినది. అట్టి స్త్రీ ఊరూర పుట్టదు. పుట్టినను, ఆమె వెనుక ఆమె పొయ్యి అంతటి వేడిమితో వెలుగుట అరుదు. 1952లో రాయలసీమ మరల క్షామపీడితమైనప్పుడు ఊళ్ళలో గంజికేంద్రములు తెరచిరి. ముంతలు, సత్తుగిన్నెలు పట్టుకొని జనము బారులు తీరి నిలుచుండిరి. వానలు పడగానే కేంద్రములు మూసిరి. ఆ కేంద్రములవలన ప్రాణములు దక్కినవి. అది చిన్న మేలు కాదు. కాని కేంద్రము మూసిన మరునాడు ఆ యూరిలో తరువాతి కరువునకు మిగిలినది ఏమి? ఏమియు లేదు. గిన్నె పట్టినవాడు గిన్నె పట్టినవాడుగానే ఇంటికి పోయెను.

ఇక జహీరాబాదు సంగతి. అది నాటి మెదకు జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లా. నేల చాలవరకు ఎఱ్ఱని గరపచెలక, మన్ను పలుచన; నడుమ నడుమ నల్లరేగడి. పూర్వమచ్చట ఒక్క చేనిలోనే జొన్నయు, కందియు, కొఱ్ఱయు, అనుమును కలిపి విత్తుకొని, ఒకటి పోయినను వేరొకటి చేతికి వచ్చునట్లు చూచుకొనుచుండిరి. 1983లో రాష్ట్రమున రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. అది ఎందరో పేదల కడుపు నింపిన పథకము. దానిని తక్కువచేసి మాటాడుటకు నా నోరు రాదు. అయితే చౌకదుకాణమున తెల్లబియ్యము అంత సులువుగా దొరకుచుండగా, మెట్టచేనిలో జొన్న విత్తువానికి గిట్టుబాటు తప్పినది. చేను బీడు పడినది. బీడు పడిన చేనివానికి చొప్ప లేదు. చొప్ప లేనింట ఎద్దు నిలువలేదు. ఎద్దు లేనింట పెంట లేదు. పెంట లేని చేను మఱింత బీడు పడినది. ఆ చేలలో కలుపు తీసియు, కోత కోసియు బ్రతుకు స్త్రీలకు కూలియు పోయినది. చౌకబియ్యము నెలలో కొన్ని దినములకే చాలును. తక్కిన దినములకు పూర్వమున్న జొన్నరొట్టె లేకపోయెను.

అదే సంవత్సరమున పస్తాపూరు కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ పుట్టినది. దాని స్థాపకులలో నొకరైన పి.వి. సతీష్‌గారు 2023లో మరణించువరకు ఆ పల్లెలను విడువలేదు. ఊరూర ఏర్పడిన స్త్రీల సంఘములను అచ్చటివారు సంగమందురు. అందులో అధికులు కొద్దిపాటి భూమిగల, లేక భూమియే లేని దళిత స్త్రీలు. 1990లలో ఆ సంగములవారు చేసిన ఆలోచన ఇది. బియ్యము ఎక్కడనో పండి, ఎక్కడనో మరపట్టి, లారీలకెక్కి మన ఊరికి వచ్చుచుండగా, మన ఊరి బీళ్ళలో మన జొన్నయే పండించి, మన ఊరిలోనే దాచి, మన ఊరి పేదలకే కొలిచి యిచ్చుట ఎందుకు సాధ్యము కాదు? మొదటి పెట్టుబడికి కేంద్ర ప్రభుత్వ గ్రామీణాభివృద్ధి శాఖ తోడ్పడినది. బీడుపడిన చెలకను మరల దున్నుటకు ఒప్పుకొన్న రైతునకు దుక్కికి, ఎరువునకు, విత్తునకు విడతలవారిగా అప్పు లభించెడిది. ఆ యప్పును అతడు రూపాయలలో గాక జొన్నలలో, కొన్ని సంవత్సరములకు పంచుకొని, ఊరి ధాన్యనిధికి కొలువవలెను. ముప్పదికి పైబడిన గ్రామములలో రెండున్నర వేల ఎకరములకు మించిన బీళ్ళు ఇట్లు నాగలి క్రిందికి వచ్చినవి. చేలను చూచుటకు, దుక్కి సరిగా పడినదా, ఎరువు నిజముగా తోలినారా యని కనిపెట్టుటకు సంగపు స్త్రీలే చిన్న చిన్న బృందములై తిరిగిరి. తమ జీవితమంతయు ఇతరుల చేలలో వంగి పని చేసినవారు, ఇప్పుడు గట్టుమీద నిలిచి రైతును లెక్క యడిగిరి.

పండిన జొన్నను దాచు విధము విన్నప్పుడు మన యిండ్ల పెద్దవారికి తమ బాల్యము జ్ఞప్తికి రాగలదు. వెదురు గంపలకు లోపల వెలుపల పేడయు మట్టియు మెత్తి, నీడనారనిచ్చి, అడుగున వేపాకు పరచి, గింజలు పోయుచు నడుమ నడుమ బూడిద చల్లి, మూతిని మరల మట్టితో మూయుదురు. తెలంగాణమునను రాయలసీమయందును పూర్వము ఇంటి ముందర పాతర త్రవ్వి జొన్నలు పూడ్చెడివారు గదా. ఆ పాతర తీయునాడు మూత తొలగించి, లోపలి చెడుగాలి పోవువరకు ఎవ్వరిని దిగనీయక, త్రాటితో దీపము దించి చూచి, అది ఆరక నిలిచినప్పుడే మనిషిని దించెడివారు. ధాన్యమును దాచుట ఒక విద్య. ఆ విద్య నెరిగినవారు స్త్రీలు. కొనుటకు, తెచ్చుటకు, పంచుటకు ఎందరైనను దొరకుదురు. ఆరు నెలలపాటు పురుగుపట్టకుండ కాపాడు చేతులే కొట్టునకు ప్రాణము.

ఇక ఎవ్వరికి ఇయ్యవలెనను ప్రశ్న. టెంపుల్ దొరను బాధించిన ఆ ప్రశ్ననే సంగములవారు వేరొక విధముగా తేల్చిరి. ఊరివారందరు ఒకచోట చేరి, నేలమీద ముగ్గుతో ఊరి పటము గీసి, ఇంటింటికి గుర్తు పెట్టి, ఏ యింట సంపాదించు మగదిక్కు లేదు, ఏ యింటి పిల్లలు బడి మాని పనికి పోవుచున్నారు, ఏ యింటికి కూలి తప్ప వేరు ఆధారము లేదు అనుదానిని బహిరంగముగా చెప్పుకొని, ఇండ్లను పేదరికపు మెట్లుగా ఏర్పరచిరి. మిక్కిలి పేదయింటికి నెలకు ఎక్కువ జొన్న, దాని పై మెట్టువారికి కొంచెము తక్కువ. ఊరిలో అబద్ధము చెప్పుట కష్టము. ఎవరి గాదె ఎంత నిండినదో పొరుగింటికి తెలియును. కచేరీ కాగితమునకు తెలియని సత్యము ముగ్గు గీసిన నేలకు తెలిసినది. జొన్నను వానకాలమున, పాతపంట నిండుకొని కొత్తపంట రాని నెలలలో, బజారు ధరకంటె బాగుగా తగ్గించి యమ్మిరి. ఊరక ఇయ్యలేదు. వచ్చిన రూపాయలు మరల వేరొక బీటికి దుక్కికూలి యైనవి.

ఈ యేర్పాటులో నా మనస్సును హత్తుకొన్నది ఒక్కటే. ఆషాఢములో సంగము గంపనుండి జొన్న కొలిపించుకొన్న స్త్రీయే శ్రావణములో ఆ జొన్నచేనికి కలుపు తీయును. మార్గశిరములో ఆమెయే గంపకు మట్టి మెత్తును. పుచ్చుకొనువారొకరు, పోయువారొకరు అను భేదము లేదు. తైత్తిరీయోపనిషత్తు అన్నమును పెంపొందించుటను వ్రతముగా విధించినది. మనము ఆ వ్రతములో పెట్టుటను మాత్రమే గ్రహించి, పెంపొందించుటను మరచితిమని నాకు తోచును. 2020లో కరోనా వ్యాధి వలన దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, ఆ సంగముల స్త్రీలు ప్రభుత్వము తెచ్చు బియ్యము కొరకు ఎదురుచూచుట మాని, ఇంటికి పది కిలోల లెక్కన గింజలు తీసి జిల్లాలోని అక్కరగలవారికిచ్చిరి. ఆసుపత్రి పనివారికి, పారిశుద్ధ్యపు పనివారికి, పోలీసులకు ప్రతిదినము వేయి గ్లాసుల చిరుధాన్యపు జావ కాచి పోసిరి. ఒకప్పుడు ఊరిలో అందరికంటె పేదలని ముగ్గుతో గుర్తు పెట్టబడిన యిండ్లవారు ఆ ఉద్యోగులకు జావ పోయుట ఏ దానశీలుడును ఊహింపని సంగతి. మాచనూరులో వారికి 2008 నుండి సొంత రేడియో గలదు. ఏ గింజను ఎట్లు దాచవలెనో, ఏ కార్తెలో ఏది విత్తవలెనో అందులో వారి యాసలో వారే చెప్పుకొనుచున్నారు. ఆ రేడియోను గూర్చి వేరొక రేడియోలో చెప్పు భాగ్యము నాకు కలిగినందులకు సంతోషించుచున్నాను.

మాది పట్టణము. మాకు బీళ్ళు లేవు, గట్లు లేవు. 2020 వేసవిలో చెన్నై కలకత్తా రహదారి వెంట ఒడిషాకును బీహారునకును కాలినడకను పోవు కూలీలను చూచి మా పేటవారు కొందరు మొదలుపెట్టిన కొట్టు మాది. మొదటి వారములలో దాతలకు లోటు లేదు. బియ్యపు బస్తాలు వాకిటివరకు పేరుకొన్నవి. రెండవ నెలకు ఉత్సాహము తగ్గినది, ఆకలి తగ్గలేదు. అప్పుడు తెలిసినది, కొట్టునకు రాశికంటె క్రమము ముఖ్యమని. ఒకనాడు పది కిలోలిచ్చి తరువాత నెల తలుపు మూసికొను కొట్టును నమ్మి ఏ యిల్లాలును తన ఖర్చును దిద్దుకొనలేదు. రెండు కిలోలే యైనను ప్రతి శుక్రవారము సాయంకాలము దొరకునని తెలిసినచో, ఆమె వడ్డీకి అప్పు తెచ్చుట మానును.

అనిశ్చిత కాలమునకు వేరొక స్వభావము గలదు: అది ప్రతిసారి వేరు వస్తువు నడుగును. దారినపోవు కూలీకి బియ్యమిచ్చి ప్రయోజనము లేదు. అతనికి పొయ్యి లేదు, వండిన పులిహోర కావలెను. ఆ కష్టము గడచిన పిమ్మట బియ్యము కొరకు వచ్చువారు తగ్గిరి. ఆహారభద్రతా చట్టము క్రింద కార్డుగలవారికి మనిషికి నెలకు అయిదు కిలోలు దొరకుచున్నవి, 2023 జనవరి నుండి అవియు ఉచితమే. వారు వచ్చి అడిగినది కందిపప్పు, నూనె, చింతపండు. బియ్యముండి పప్పు కొనలేని యిల్లు బయటివారి కంటికి ఆకలిగొన్న యిల్లుగా కనబడదు; అందుచేత దాతలు బియ్యమునే తెచ్చుచుండిరి. కార్డు స్వగ్రామమున నుండి తాము ఇటుకబట్టీలోనున్నవారికి మాత్రము నేటికిని బియ్యమే కావలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి నగరములో సగము పేటలు మునిగినప్పుడు, బియ్యము, పప్పు, నూనె, ఏవియు పనికిరాలేదు. గ్యాసు సిలిండర్లు నీటిపై తేలుచుండ వండుకొనువారెవ్వరు? మేడలమీద చిక్కుకొన్నవారికి డ్రోనులతో ఆహారపు పొట్లములు దించవలసివచ్చెను. నాటి నుండి మా కొట్టులో అటుకులు, మరమరాలు, బెల్లము, పాలపొడి యెప్పుడును కొంత నిలువయుండును. కొట్టును కూడ క్రిందిగది నుండి మేడకు మార్చితిమి.

బియ్యపు సంరక్షణను గూర్చి ఒక మాట. ముక్కపురుగు కనబడగానే క్రొత్తవారు బియ్యమును మండుటెండలో పోయుదురు. ధాన్యమునకు ఎండ మంచిది గాని బియ్యమునకు గాదు. ఎండకు గింజ చిట్లి నూకయగును. నీడలో పలుచగా పరచి, చేట పట్టి చెరిగి, వేపాకును ముందే నీడలో ఎండబెట్టి కలుపవలెను; పచ్చియాకు వేసినచో దాని తేమయే చేటు. ఈ పని నేర్పినది మా పేటలోని ఒక ముసలమ్మగారు. ఆమె కొట్టునకు వచ్చినది పని నేర్పుటకు గాదు, బియ్యము కొరకే. కాని ఊరక పుచ్చుకొననన్నది. కొట్టులో కూర్చున్న అమ్మాయితో, "ఊరికే వద్దు తల్లీ, చేబదులుగా ఇవ్వు. మావాడికి పని దొరకంగానే తెచ్చి పోస్తా" నని, పైట చెంగు పట్టి, సోలతో తలకొట్టి కొలిపించుకొని పోయెను. కొన్ని నెలలకు వచ్చి, అదే సోల అడిగి తీసికొని, తలకొట్టక గోపురము నిలుచునట్లు పోసి, పక్కనున్న బస్తాలో పురుగును చూచి, చేట తెమ్మనెను.

చేబదులు మన యిండ్లలో ఎన్నడునున్నదే. ఉప్పు, చింతపండు, గ్లాసెడు పాలు పొరుగింట తెచ్చుకొని తిరిగి ఇచ్చుటలో ఎవ్వరికిని చిన్నతనము లేదు. ఆమె మాట విన్న పిమ్మట మా పుస్తకములో రెండు వరుసలు గీసితిమి: పోయినది, వచ్చినది. రెండవ వరుస కొరకు ఎవ్వరిని అడుగము, ఎవ్వరికిని జ్ఞాపకము చేయము. అయినను అది నిండుచునే యున్నది, అన్నియు బియ్యముగా గాదు. తాపీపనివాడొకడు మేడగదిలో అరలు కట్టి యిచ్చెను. కుట్టుమిషనుగల ఆమె సంచులు కుట్టుచున్నది. ఇటుకబట్టీనుండి వచ్చు ఒడియా దంపతులు నెలకొకమారు గదియంతయు కడిగి పోవుదురు. ఏమియు తిరిగి ఇయ్యలేనివారును కలరు. మంచముపట్టినవారు, పసిపిల్లల తల్లులు. వారి పేర్లకెదుట ఆ వరుస ఖాళీగా నుండుటలో దోషము లేదు. ఊరి మీద వారికి హక్కు గలదు.

ఇచ్చునప్పుడు ఫొటోలు తీయరాదని మొదటినుండి నియమము పెట్టితిమి. దానివలన కొందరు దాతలు దూరమైరి. బస్తాపక్క తాము నిలుచున్న చిత్రము లేక ఒకాయన వంద కిలోల మాటను వెనుకకు తీసికొనెను. ఆ వంద కిలోలకై నేను నేటికిని విచారింపను. బిడ్డ చేతికి పప్పుపొట్లమిచ్చి ఆ బిడ్డ ముఖమును ఊరంతటికి చూపించుట వలన కలుగు గాయమునకు ఏ ధాన్యమును మందు కాదు.

మాలో మాకు తెగక జరుగు వాదము ఒకటి గలదు. కొట్టులో నున్నదంతయు నేడే ఇచ్చివేయుదుమా, కొంత దాచుదుమా? నేడు ఆకలితో వచ్చినవాని యెదుట నిండు బస్తాను మూసి యుంచుట పాపమని ఒకరందురు. దాచక ఊడ్చిపెట్టినచో వరదనాడు ఏమి చేయుదుమని మఱియొకరందురు. రెండును న్యాయమైన మాటలే. మేము మూడవ వంతును శ్రావణ భాద్రపదములు గడచువరకు కదల్పరాదని నిర్ణయించుకొంటిమి. ఆశ్వయుజములో దానిని పంచివేసి, సార్వా నూర్పులు ముగిసి క్రొత్తబియ్యము ధర తగ్గినప్పుడు మరల నింపుదుము. క్రొత్తబియ్యపు అన్నము ముద్దకట్టును గనుక దానిని వెంటనే యియ్యము. అది కొట్టులో పాతబడుచుండ పాతదానిని ముందు తీయుదుము.

ఈ ప్రసంగము వినువారిలో తమ పేటయందు ఇట్టి కొట్టు తెరువదలచినవారుండవచ్చును. వారు కరువు వచ్చువరకు ఆగరాదు. వచ్చు సార్వాకే మొదలుపెట్టుట మేలు. ఎంత చిన్నగదియైనను నేలకు ఎత్తైనది చూడుడు. బియ్యముకంటె ముందు పప్పు నూనెల సంగతి విచారింపుడు. కొలత గిన్నె ఒక్కటే యుండవలెను, తెచ్చువారికిని కొనిపోవువారికిని అదే. తాళపుచెవులు రెండు చేయించుడు. ఒకటి నడుపువారి చేత నుండును. రెండవది, కొట్టునుండి కొలిపించుకొను ఇండ్లలో ఒకరి చేతికి ఇయ్యుడు. మా రెండవ తాళపుచెవి ఒక కాపలాదారుని భార్య దగ్గర నున్నది. అర్ధరాత్రి ఏ యింట పసిబిడ్డకు పాలపొడి లేకపోయినను, వారు మా తలుపు తట్టరు; ఆమె తలుపే తట్టుదురు.